సాక్షి దిమ్మ

కామేశ్వరయ్య గారికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా కూర్చున్న చోట జవాబు చెప్పరు; చేతికర్ర అందుకుని బయల్దేరతారు. అది తెలిసే శిష్యురాలు భాగ్యవతి ఆ రోజు మెట్టు ఎక్కకుండా కిందే నిలబడి అడిగింది. "చిన్న ఇటుకల బట్టీ పదికాలాలు నిలుస్తుందో లేదో దేంతో కొలవాలండీ?"

ఊరికే అడగలేదు. ఆమె అన్న సూరిబాబు తన వాటా చేనంతా తవ్వి ఇటుకలు కోశాడు. ఇప్పుడు పక్కనున్న ఆమె వాటా అడుగుతున్నాడు. బట్టీ నిలిచేదైతే తోడబుట్టినవాడికి కాదని చెప్పడానికి నోరు రాదు. నిలవనిదైతే, చేజేతులా ఇచ్చేసి తర్వాత ఏడవడానికి మనసొప్పదు.

ఇద్దరూ బట్టీ దగ్గరికి వెళ్లేసరికి సూరిబాబు ఎదురొచ్చి అన్నీ చూపించాడు. బొగ్గు మానేసి ఊకతో కాలుస్తున్నాడు, పొగ తగ్గింది. పనివాళ్లు ఏటా మళ్లీ వాళ్లే వస్తున్నారు. రెండు ఇటుకలు తీసి ఒకదానికొకటి కొట్టాడు, కంచులా ఖంగుమన్నాయి. గురువుగారు ప్రతిదానికీ బాగుందన్నారు. భాగ్యవతి గుండె సగం తేలికపడింది. అప్పుడాయన, "ఏదీ, సాక్షి దిమ్మ చూపించు నాయనా," అన్నారు.

మట్టి తవ్వేవాళ్లు గోతి మధ్యలో ఒక దిమ్మను ముట్టుకోకుండా వదిలేస్తారు. దాని నెత్తిన పాత గడ్డి అలాగే ఉంటుంది. ఒకప్పుడు నేల ఎంత ఎత్తున ఉండేదో, అందులో ఎంత తినేశామో అదే చెప్పాలి. సూరిబాబు గోతిలో అది లేదు.

అతను తల గోక్కున్నాడు. వానలు ముందే పడ్డాయనీ, గోతిలో నీళ్లు నిలిచి ఆఖరి బట్టీకి మట్టి చాల్లేదనీ చెప్పుకొచ్చాడు. "మంచి మట్టి గురువుగారూ. ఊరికే నిలబడి ఏం చేస్తుందిలెమ్మని దాన్నీ కోయించేశాను." తర్వాత చెల్లెలి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నాకు ఇంకో పని రాదు, చెల్లాయ్."

అందులో అబద్ధం లేదని ఆమెకు తెలుసు. అదే ఎక్కువ బాధించింది.

గురువుగారు కర్ర ఊతంగా గోతిలోకి దిగారు. ఆమె వెనకే దిగింది. అడుగున బురద, నిలవ నీటి వాసన. నాన్న దున్నిన నేల ఎంత ఎత్తున ఉండేదో చెయ్యెత్తి చూపమన్నారు. ఎత్తింది; అందలేదు. తలెత్తి చూసింది. చుట్టూ ఎవరికి వారు తవ్వేసుకున్న చేలే. ఒక్క వైపు మాత్రం, నిలువుగా కోసిన మట్టి గోడ పైన, మినుప మొక్కలు గాలికి ఊగుతున్నాయి. అది ఆమె చేను.

"సాక్షి ఇంకొకటి మిగిలే ఉందమ్మా," అన్నారు గురువుగారు. "మీ అన్నయ్య అడుగుతున్నది దాన్నే."