ఊడివచ్చే చీల

అనగనగా, నగలు అద్దాల బీరువాల్లో కాకుండా కుంపటి పక్కన పుట్టే రోజుల్లో, ఒక ఊళ్ళో కాళమ్మ అనే కంసాలి ఉండేది.

ఆ రోజుల్లో నగ చేయించుకోవడమంటే ఇంటిల్లిపాదికీ ఒక పూట వేడుక. అందరూ చాప మీద కూర్చునేవారు. ఊక కుంపటి ఎర్రబడేది. ఊదుగొట్టం బుస్సుమనేది. మూసలో వెండి కరిగి, చంద్రుడి ముక్కలా కదిలేది. చింతపండు నీళ్ళలో ఉడికి, కుంకుడు నురగలో మునిగి, చివరికి నగ తెల్లగా నవ్వుతూ బయటికొచ్చేది. పిల్లలు కళ్ళార్పకుండా చూసేవారు. ఏ నగ ఎవరి చేతిలో పుట్టిందో ఊరంతటికీ తెలిసేది.

భర్త పోయాక కాళమ్మ సుత్తి పట్టిందని ఊరు చెప్పుకునేది. నిజానికి ఆయన బతికుండగానూ సగం పని ఆమెదే. పేరు మాత్రం ఆయనది. అలాంటి లెక్కలు ఊళ్ళకి మామూలే.

కాళమ్మకి ఒక కట్టుబాటు ఉండేది. కాలి కడియం కొసలు కలిసేచోట చిన్న చీల ఉంటుంది. దాన్ని లాగితే కడియం విచ్చుకుంటుంది. పెట్టుకున్న మనిషి తన వేళ్ళతో తానే లాగగలిగేలా కాళమ్మ ఆ చీలను చేసేది. అదే చీల కొసను సుత్తితో చదును చేసేస్తే కడియం ఇక ఊడదు. రెండు దెబ్బల పని. ఆ రెండు దెబ్బలు మాత్రం ఆమె కొట్టేది కాదు.

ఒకనాడు పెద్ద వర్తకుడు పేరిశెట్టి వచ్చాడు.

"కాళమ్మా, మా ఆడదానికి వెండి కడియాలు చెయ్యి. చీల చదును చేసెయ్. లేకపోతే పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా తమ్ముడి చేతిలో పెట్టి వస్తుంది."

"కడియాలు ఆవిడవా, మీవా శెట్టిగారూ?"

"పెట్టుకునేది ఆవిడ. వెండి నాది."

"అయితే మీ ఇనప్పెట్టెకి తొడుగుదాం. దానికీ కాళ్ళున్నాయి. పుట్టిల్లు లేదు."

చాప మీదివాళ్ళు నవ్వారు. శెట్టి నవ్వలేదు. వీధి చివర ఇంకో కంసాలి దగ్గరికి పోయాడు. అక్కడ ఆ రెండు దెబ్బలూ సంతోషంగా కొట్టారు.

మరొకనాడు కరణంగారి తల్లి పాపాయమ్మ పల్లకీ దిగింది.

"మా కోడలికి కడియాలు కావాలే. కొత్త పిల్ల, మన చేతిలో ఉండాలి. చీల కొట్టెయ్."

"నెలలు నిండితే కాళ్ళు వాస్తాయి అమ్మగారూ. అప్పుడెలా తీసుకుంటుంది?"

"నేను తీసుకున్నానా? ఇదిగో చూడు." పాపాయమ్మ చీర అంచు కాస్త ఎత్తింది. కడియం కింద చర్మం నల్లగా కమిలి, తోలులా గట్టిపడి ఉంది. "మా అత్త కొట్టించింది. పిల్లల్ని కన్నాను. చచ్చిపోలేదుగా."

కాళమ్మ పీట ముందుకు జరిపింది. ఆకురాయి తీసింది. "కాలు ఇలా పెట్టండి" అంది.

"నేనొచ్చింది కోడలి పని మీద."

"ముందు మీది చూద్దాం."

ఆకురాయి గరగరమంది. చీల తల అరిగి రాలింది. కడియం విచ్చుకుంది. పాపాయమ్మ ఆ చోటును అరచేత్తో నిమురుకుంది. పెళ్ళినాటి నుంచి ఆమె చెయ్యి అక్కడ తగల్లేదు.

"కోడలికి ఊడివచ్చే చీలే పెట్టు" అని, పల్లకీ ఎక్కకుండా నడిచి వెళ్ళిపోయింది.

ఈ కబుర్లు కోటకి చేరాయి. ఆ రాజు పేరు చెప్పను. అలాంటి పని చేసిన రాజులు చాలామంది. ఒక్కరికే పేరు రావడం న్యాయం కాదు.

రాజుకి కొత్తగా పెళ్ళయింది. రాణి మందాకినికి ఒంటరిగా తోటలో తిరగడం ఇష్టం. రాజుకి అది కష్టం. కాళమ్మను పిలిపించాడు.

"రాణికి మువ్వల అందెలు చెయ్యి. ఎక్కడ అడుగేసినా నాకు వినపడాలి. చీల చదును చెయ్యి."

"అందెలు చేస్తాను ప్రభూ. చీల రాణిగారి చేతికి అందేలా పెడతాను."

"రెండు దెబ్బలు కొట్టడం చేతకాదా?"

"చేతనవును. కొట్టను."

రాజు నవ్వాడు. "ఇంత రాద్ధాంతమా? నా ఎడమకాలికి బంగారు గండపెండేరం కూడా అలాగే బిగిస్తాను. వీరుడికి లేని బాధ రాణికేమిటి?"

సభ చప్పట్లు కొట్టింది. ఆస్థాన కంసాలి ఇద్దరికీ నగలు బిగించాడు. భటులు వెళ్ళి కాళమ్మ కుంపటిలో నీళ్ళు పోశారు. తలుపుకి రాజముద్ర వేశారు. ఊదుగొట్టం పట్టిన చేతులతో కాళమ్మ ఇంటింటా వడ్లు దంచి పొట్ట పోసుకుంది.

వానలు పడ్డాయి. వేటలో రాజు గుర్రం జారింది. ఎడమ చీలమండ బెణికింది, వాచింది. గండపెండేరం కండలో దిగింది. వైద్యుడు నూనె రాశాడు. దాసీలు కుంకుడు నురగ రాశారు. అది కదల్లేదు.

"బంగారం కరిగించి తియ్యాలి ప్రభూ" అన్నాడు ఆస్థాన కంసాలి.

"నా కాలి మీదా?"

ఆస్థాన కంసాలి పనిముట్లు సర్దుకున్నాడు. ఆయనకి మూయడమే వచ్చు. తెరవడం ఎవరూ అడగలేదు.

కాళమ్మకి కబురు వెళ్ళింది. "నా పనిముట్లు మీ ముద్ర వెనక ఉన్నాయి" అంది ఆమె. భటులు ముద్ర పగలగొట్టారు.

ఆమె కోటకి వచ్చింది. తడి తమలపాకు మడిచి బంగారానికీ చర్మానికీ మధ్య దూర్చింది. ఓపికగా చీల తల అరగదీసింది. గండపెండేరం విడింది.

"ఒక్క పూటకే ప్రాణం పోయింది" అన్నాడు రాజు.

"రాణిగారేరి?" అంది కాళమ్మ.

మందాకిని గోడ పట్టుకుని వచ్చింది. గర్భవతి. రెండు కాళ్ళూ వాచి, అందెల చుట్టూ నీలంగా కమిలి ఉన్నాయి. రాజు నివ్వెరపోయాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వానలకి ముందు నుంచి."

"మరి నాకు చెప్పలేదేం?"

"అడుగు వేసినప్పుడల్లా చెప్పాను. మీరు మువ్వల చప్పుడు విన్నారు."

కాళమ్మ రాణి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆకురాయి చప్పుడు ఒక్కటే సభంతా వినిపించింది. అందెలు ఊడాక, రాజు కాళమ్మను ఏం కావాలో కోరుకోమన్నాడు.

"నా కుంపటి నన్ను వెలిగించుకోనివ్వండి. ఇక మీదట ఈ రాజ్యంలో ఏ కంసాలీ ఆ రెండు దెబ్బలు కొట్టకూడదని చాటింపు వేయించండి."

చాటింపు పడింది. మర్నాడు కాళమ్మ చాప మీద అందరికంటే ముందు పేరిశెట్టి భార్య కూర్చుంది.

ఆ తర్వాత చాలాకాలం, సాయంత్రం పనులయ్యాక ఆ ఊరి ఆడవాళ్ళు అరుగుల మీద కాళ్ళు చాపుకుని, చీల లాగి, కడియాలు పక్కన పెట్టుకునేవారు. వెండి నేలకి తగిలిన ఆ చిన్న చప్పుడు అరుగు నుంచి అరుగుకి సాగుతూ వీధంతా వినిపించేది. ఎంత హాయిగా ఉండేదో.

నగ ఎంత మెరిసినా, పెట్టుకున్న మనిషి తన చేత్తో తీసుకోలేకపోతే అది సంకెలే. అలాంటిది చెయ్యనని చెప్పడం కూడా మంచి పనివాళ్ళ పనే.