గోడకు ఇవతలి వాటా

సోమాలమ్మ కడవలతో నీళ్లు మోసి పెంచిన పంపరపనస చెట్టు, ఎండ కోసం పక్కింటి గ్రామాధికారి భుజంగరావు దొడ్లోకి వంగింది. కాపంతా గోడకు అటువైపే. ఏటా కాయలన్నీ ఆయనే కోయించుకునేవాడు.

ఆ ఏడు ఆమె కోడలు నీళ్లోసుకుంది. పంపరపనస తొన ఒక్కటి తినాలని ఉందంది. పండాక ఒక్క కాయ ఇప్పించమని సోమాలమ్మ వెళ్లి చేతులు జోడించింది.

"గోడకు ఇటున్నది నాది, అటున్నది నీది. నీవైపుది నువ్వేం చేసుకున్నా నేనడగను. నావైపుది నువ్వడక్కు," అన్నాడు భుజంగరావు పదిమందిలో.

"ఆ మాట మీదే ఉండండి అయ్యగారూ," అని ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు ఆయన పొలానికెళ్లి వచ్చేసరికి చెట్టు పండని కాయలతో సహా ఆయన దొడ్లో కూలి ఉంది. పదిమందినీ పిలిచి ఆమెను నిలదీశాడు.

"మీవైపు ఆకు కూడా ముట్టుకోలేదు అయ్యగారూ," అంది సోమాలమ్మ. "నావైపున్నది మొదలొక్కటే. దాన్ని కొట్టుకున్నాను. మీ వాటా మొత్తం మీ దొడ్లోనే ఉంది."

పదిమందిలో ఒక్కరూ నవ్వలేదు.

సోమాలమ్మ ఇంటికెళ్లి, ఆ మొదలు పచ్చి కట్టెలతోనే ఊది ఊది పొయ్యి రాజేసి, కోడలికి చింతపండు చారు కాచింది.