పైడక్క అడిగిన లేత బీరకాయ

అనగా అనగా, మన ముత్తాతల ముత్తాతలు ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్న రోజుల్లో, చింతలకోట అని ఒక ఊరుండేది. పేరులో కోట ఉందిగానీ ఊళ్ళో కోట లేదర్రా! చింతచెట్లూ అంతంతమాత్రమే. ఉన్నవల్లా పెరళ్ళు. ఏ ఇంటి వెనక చూసినా పెరడు, ఏ పెరట్లో చూసినా పందిరి.

ఆ ఊళ్ళో గౌరన్న పెరటికి సాటి వచ్చేది మరొకటి లేదు. ఒక పక్క నల్లగా నిగనిగలాడే వంకాయలు. ఇంకో పక్క బెండ, గోంగూర, నేలంతా పాకిన దోసపాదు. గోడ వెంబడి ముద్దబంతులు, చేమంతులు, కనకాంబరాలు. వాకిట్లో తెల్లగా నవ్వే నందివర్ధనం. పొట్లకాయలు వంకర తిరక్కుండా ప్రతి కాయ కొసకీ ఒక రాయి కట్టేవాడు. ఆకుకి పురుగు కనిపిస్తే చాలు, పొద్దున్నే మంచుతడి ఆరకముందే పొయ్యిలో బూడిద తెచ్చి చల్లేవాడు. వీటన్నిటి నడుమా బీరపందిరి. ఆ పెరటికి అది కిరీటంలాంటిదనుకోండి.

గౌరన్నకి ఈ విద్య అంతా నేర్పింది వాళ్ళక్క పైడమ్మ. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే, ఆవిడే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే, "ముందు వీడి కడుపు నిండనీండి" అనేది. అలా అంటూ అంటూనే జుట్టు నెరిసిపోయింది. ఊరంతా ఆవిణ్ణి పైడక్క అనే పిలిచేవారు.

బీరకాయలో ఒక తిరకాసు ఉంది, కావాలంటే మీ అమ్మల్ని అడగండి. పైకి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. కానీ ఎక్కడో ఒక చేదుకాయ తగులుతుంది. అది పడిందో, కూరంతా పాడు. అందుకే తరిగేముందు కొస కోసి చేదు చూస్తారు. ఆ ఇంట్లో చేదు చూడటం పైడక్క వంతు. చేదైతే థూ అని ఊసి, మొహం చిట్లించి, ఆ కాయ అవతల పారేసేది. తియ్యగా ఉన్నదే తమ్ముడి కంచంలోకి వచ్చేది. అందుకని గౌరన్నకి మీసం వచ్చాక కూడా బీరకాయ చేదు ఎలా ఉంటుందో తెలీదు!

కాలం ఊరుకుంటుందా? పైడక్క నోట్లో పళ్ళన్నీ ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. వేపుళ్ళు పోయాయి, పచ్చళ్ళు పోయాయి. మిగిలింది ఒక్కటే. లేత బీరకాయ కోసి, పాలు పోసి మెత్తగా వండితే, చిగుళ్ళతోనే నమిలి లొట్టలేసుకుంటూ తినేది.

ఆ ఏడు పందిరి విరగకాసింది. అప్పుడే ఊళ్ళో దండోరా వేశారు.

"వినండహో! దసరాకి మహారాజుగారు మన ఊరి పెరళ్ళు చూడ వేంచేస్తున్నారహో! ఏ పెరడు కన్నులపండువగా ఉంటే ఆ ఆసామి చేతికి బంగారు కడియం తొడుగుతారహో!"

అంతే. గౌరన్న కంటికి ఇక కూరగాయలు కనపడలేదు, కడియమే కనపడింది.

మర్నాడు పైడక్క కత్తిపీట వేసుక్కూర్చుని పిలిచింది. "ఒరే గౌరా, రెండు లేత బీరకాయలు కోసుకురారా. పాలు కాచి ఉంచాను."

"అమ్మో, పందిరి మీద చెయ్యి వెయ్యకక్కా! నిండుగా వేలాడుతుంటేనే కదా అందం. రాజుగారు చూసి వెళ్ళనీ, ఆ సాయంత్రమే కోసిపెడతా."

పైడక్క బోసినోటితో నవ్వింది. "రాజుగారికి పళ్ళున్నాయిరా, ఏదైనా తింటారు. లేనిదాన్ని నేను కదా! అయినా కోస్తేనే తీగకి ఉత్సాహం. కోసిన కొద్దీ కాస్తుంది."

"దసరా ఎంతోదూరం లేదులే అక్కా."

ఆవిడ కాచిన పాలల్లో ఇంత అన్నం కలుపుకు తిని ఊరుకుంది.

దసరా వచ్చింది. రాజుగారు రాలేదు. పట్టపుటేనుగు కాలికి ముల్లు గుచ్చుకుందట. దీపావళికి వస్తామని కబురు. కాయలు చేతి లావయ్యాయి. గౌరన్న వాటికింద నిలబడి మురిసిపోయేవాడు. ఎదురింటివాళ్ళు పూజకి నాలుగు బంతిపూలు అడిగితే కూడా, "రాజుగారు చూసినాక" అనేవాడు.

"ఏరా, ఒక్కటి కోస్తే పందిరి బోసిపోతుందా?" అంది పైడక్క రెండోసారి. "మజ్జిగన్నం తిని తిని నాలుక చచ్చిపోయిందిరా. నీ కడియం మీద ఒట్టు, చిన్నదే చాలు."

"దీపావళి దాకా ఓపిక పట్టక్కా. నీ తమ్ముడి చేతికి బంగారు కడియం వస్తే నీకు సంతోషం కాదూ?"

"నీ చేతికి ఏమున్నా లేకపోయినా సంతోషమేరా నాకు," అంది పైడక్క. కత్తిపీట గోడకి ఆనించింది.

దీపావళీ వచ్చింది. రాజుగారు మళ్ళీ రాలేదు. రాణిగారి తమ్ముడు చుట్టపుచూపుగా వచ్చి, ఎంతకీ కదలడంలేదట! కార్తీక పౌర్ణమికి తప్పకుండా వస్తామని మళ్ళీ కబురు.

పందిరి గుంజ మీద ఒక ఉడుత ఉండేది. దాని నోరు మహా పెద్దది. ఒకనాటి సాయంకాలం అది తోక ఆడిస్తూ పలకరించింది.

"ఓ గౌరన్నా! ఇదివరకు పొద్దువాలితే చాలు, నీ పందిరి మీద పచ్చటి పూలు విచ్చుకునేవి. ఇవాళ ఒక్కటి చూపించు, చూద్దాం."

"కాయలుండగా పూలెందుకు?" అన్నాడు గౌరన్న.

"బాగుంది నీ తెలివి! తీగ ఏమంటోందో విన్నావా? 'నా పిల్లలు ముదిరాయి, గింజలు గట్టిపడ్డాయి, ఇక నా పని అయిపోయింది' అంటోంది. మీ అక్క చెప్పింది ఇదేనయ్యా."

"పోపో, నీకు దొంగతనంగా కొరకడానికి లేతకాయ దొరకలేదని ఏడుపు!" అని గౌరన్న దాన్ని అదిలించాడు.

కార్తీకం చలితో పాటు పైడక్కకి జ్వరం పట్టుకుంది. ఏం పెట్టినా వద్దంది. గంజి వద్దంది, పాలు వద్దంది. పౌర్ణమికి ముందురోజు పొద్దున్న, గోడకేసి తిరిగి పడుకున్నావిడ మెల్లిగా ఇటు తిరిగింది.

"గౌరా, ఇవాళైనా బీరకాయ పెడతావురా?"

మూడోసారి అడగడం అది. గౌరన్న కడియం, రాజు, అందం అన్నీ ఒక్కసారిగా మర్చిపోయాడు. "ఇదిగో అక్కా, చిటికెలో!" అని పందిరి దగ్గరికి పరుగెత్తాడు.

లేతకాయ కోసం వెతికాడు. ఆకు ఆకూ ఎత్తి చూశాడు. గుంజ ఎక్కి చూశాడు. ఒక్క పిందె లేదు. ఒక్క పువ్వు లేదు. ఉన్నవన్నీ బారెడేసి కాయలే, పట్టుకుంటే కర్రల్లా ఉన్నాయి. పైనుంచి ఉడుత చూస్తూనే ఉంది.

ఉన్నవాటిలో చిన్నది చూసి కోశాడు. చెక్కు తీశాడు, పాలు పోశాడు, పుల్లలన్నీ అయిపోయేదాకా ఉడికించాడు. చల్లార్చి, అక్కని ఒళ్ళో ఆనించుకుని ముద్ద పెట్టాడు.

పైడక్క చాలాసేపు చిగుళ్ళతో నమిలింది. "బాగుందిరా," అంది. ఇంకో ముద్ద పెట్టాడు. "చాలా బాగుంది. చాలు నాన్నా."

కంచం తీస్తుంటే గౌరన్న చూశాడు. కంచం అంచు కింద, తనకి కనపడకుండా ఆవిడ దాచిపెట్టింది. నమిలి నమిలి ఊసిన బీరపీచు, తెల్లటి నారపోగులు. పాలు మాత్రం మింగింది.

గౌరన్న ఆ పీచు పిడికిట్లో పట్టుకుని ఊళ్ళోకి పరుగెత్తాడు. పక్కింటావిడ అక్క దగ్గర కూర్చుంది.

మొదటి ఇంట్లో లేతకాయ ఉందా అని అడిగాడు. "కాపు ఎప్పుడో అయిపోయింది, తీగ కూడా పీకేశాం" అన్నారు.

రెండో ఇల్లు ఎదురింటివాళ్ళది. ఆ ఇంటాయన నడుం మీద చెయ్యి వేసుకుని, "ఏమిటేమిటీ? పందిరినిండా కాయలు పెట్టుకుని మా ఇంట అడగొచ్చావా? రాజుగారు చూసినాక రావయ్యా!" అన్నాడు. ఆ మాట ఎవరిదో గౌరన్నకి తెలుసు. తల వంచుకుని నడిచాడు.

మూడో ఇల్లు ఊరి చివర, కుమ్మరి అచ్చియ్యమ్మది. ఆవిడకి పెరడే లేదు. కుండలు కాల్చే ఆవం పక్కన పాత పెంకుటిల్లు, ఆ పెంకుల మీదికి పాకిన ఒక్క బీరతీగ. దాన్నిండా పూలు! ఆకుల్లో దోబూచులాడే లేతపిందెలు!

"ఇన్ని పూలెలా ఉన్నాయి అచ్చియ్యమ్మా, ఇప్పటికీ?" అన్నాడు గౌరన్న.

"ఏముందయ్యా? రోజూ కోస్తాను, రోజూ ఎవరికో ఒకరికి ఇస్తాను. తీగకి తీరిక ఇవ్వొద్దని మీ అక్కే చెప్పింది. ఈ విత్తనం కూడా ఆవిడ చేత్తో ఇచ్చిందే," అంటూ అచ్చియ్యమ్మ గోరు గుచ్చితే పాలు చిమ్మేంత లేతకాయ కోసి అతని చేతుల్లో పెట్టింది. "మీ పందిరి అంత కాసింది కదా అని నేను తేలేదు. తెస్తే నవ్వుతారనుకున్నా."

గౌరన్న దాన్ని రొమ్ముకి హత్తుకుని పరుగెత్తాడు. పడ్డాడు, లేచాడు, మళ్ళీ పరుగెత్తాడు.

గుమ్మం దగ్గరే పక్కింటావిడ ఎదురొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లోపల పైడక్క నిద్రపోతున్నట్టే ఉంది. గౌరన్న పక్కన కూర్చుని, "అక్కా, లేతది దొరికింది," అన్నాడు. ఆవిడ చెయ్యి తెరిచి అందులో ఆ కాయ పెట్టాడు. ఆ చెయ్యి ముడుచుకోలేదర్రా.

తెల్లవారి పౌర్ణమి. ఈసారి రాజుగారు చెప్పినమాట ప్రకారం వచ్చారు! బాకాలు, భేరీలు, వెల్లగొడుగులు. ఊరంతా చూసి చూసి చివరికి గౌరన్న పెరట్లో నిలబడ్డారు. బంతులూ చేమంతులూ ఒకవైపు, బారులు తీరిన కాయలు ఒకవైపు. రాజుగారి కళ్ళు విప్పారాయి.

"ఆహా! ఇంద్రుడి నందనవనంలో కూడా ఇలాంటి పందిరి ఉండదు. ఏమయ్యా గౌరన్నా, ఈ కాయలు ఎంత రుచిగా ఉంటాయో కదా?"

"తెలీదు మహారాజా. ఎవరూ తినలేదు."

రాజు నవ్వబోయి, అతని మొహం చూసి ఆగాడు. మంత్రి పళ్ళెంలో కడియం ముందుకు తెచ్చాడు. గౌరన్న చెయ్యి చాపలేదు. అన్నిటికంటే పెద్ద కాయ ఒకటి కోసి, రాజుగారి ముందే రెండుగా చీల్చాడు. లోపల కండ లేదు. ఎండిన పీచు, నల్లటి గింజలు.

"అబద్ధమాడి ఈ కడియం తొడుక్కోలేను ప్రభూ. ఇది తోట కాదు. మా అక్క మూడుసార్లు అడిగింది. మొదటి రెండుసార్లూ తమరి పేరు చెప్పాను, మూడోసారికి లేతకాయే మిగల్లేదు. నిన్న ఆవిడ పోయింది," అన్నాడు.

బాకాలు ఆగిపోయాయి. రాజు తల దించుకున్నాడు. ఏనుగు కాలిలో ముల్లూ, బావమరిది విందులూ ఆయనకి గుర్తొచ్చినట్టున్నాయి.

"మేము ఆలస్యంగా వచ్చామయ్యా," అన్నాడు మెల్లిగా.

"లేదు మహారాజా. తమరు ఎక్కడో రాజధాని నుంచి రావాలి. నేను పెరట్లోంచి వంటింట్లోకి రావాలి. తమకంటే ఆలస్యంగా వచ్చింది నేనే."

రాజుగారు కడియాన్ని ఆ ఎండుకాయ పక్కనే పందిరి గుంజకి తగిలించి, "ఇది నీ తోటకి కాదు, నిజం చెప్పినందుకు," అన్నాడు. సాయంత్రమే ఊరూరా దండోరా వేయించాడు. "ఇకమీదట రాజు వస్తున్నాడని ఏ ఇంటా కాయ కోయకుండా ఆపరాదహో!"

గౌరన్న ఆ కడియం ఎన్నడూ తొడుక్కోలేదు. ఎండిన కాయల్లోంచి గింజలు రాల్చి, తొలకరికి మళ్ళీ నాటాడు. పందిరి మళ్ళీ అల్లుకుంది. ఈసారి అతను రోజూ పొద్దున్నే లేతకాయలన్నీ కోసేవాడు. బుట్టలో పెట్టుకుని ఊళ్ళో పళ్ళూడిన ముసలివాళ్ళ ఇళ్ళకి తిరిగేవాడు. పూజకి పూలన్నా, పులుసుకి ఆకన్నా, అడిగినవాళ్ళకి అడిగినప్పుడే ఇచ్చేవాడు. కోసిన కొద్దీ తీగ కాసింది. ఉడుత కూడా తన వాటా తను తిని, పెదవి విప్పేది కాదు.

బుట్ట ఎత్తుకునేముందు మాత్రం గౌరన్న అక్క కూర్చునే చోట కత్తిపీట వేసుక్కూర్చునేవాడు. ప్రతి కాయ కొసా కోసి చేదు చూసేవాడు. ఒక్కోరోజు తియ్యటికాయ తిని కూడా అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

కాబట్టి వినండర్రా: మనవాళ్ళకి పెట్టదలుచుకున్నది లేతగా ఉన్నప్పుడే, వాళ్ళు అడిగినప్పుడే పెట్టాలి, రేపటి మెప్పుకోసం దాచిన ప్రేమ ముదిరి పీచవుతుంది.