బుర్రావారి హైబ్రిడ్ సైకిలు

మొగిలిపాలెంలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగి చూడండి. ఊళ్ళోవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. బుర్రావారిని అడిగితే మాత్రం ఠక్కున చెబుతారు. "మా ఇంటిపేరే బుర్ర. ఇంక తెలివి వేరే ఇంట్లో ఎలా ఉంటుందండీ?" ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. పెద్దాయన పానకాలు, ఆయన భార్య నాంచారమ్మ, తమ్ముడు అంకమ్మరావు. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేస్తారు. అదే వాళ్ళ గొప్ప, అదే ఊరివాళ్ళ ఖర్మ.

పానకాలుకి చిన్నరసాలంటే ప్రాణం. పండుని రెండు చేతులతో మెత్తగా నలిపి, ముచ్చిక తీసి, నోట పెట్టి జుర్రుతుంటే పక్కన పిడుగు పడ్డా పలకడు. అలాంటివాడికి సరిగ్గా మామిడికాయలు దిగే ముందు కళ్ళు తిరిగాయి. టౌనులో డాక్టరమ్మ రక్తం పరీక్ష చేసి పెదవి విరిచింది.

"షుగరు బాగా పైకి పోయిందండీ, కిందికి దించాలి. రోజూ అరగంట సైకిలు తొక్కండి. మీరేం పందాలకి వెళ్ళక్కర్లేదు, సరదాగా తొక్కితే చాలు. అందుబాటు ధరలో ఏదైనా హైబ్రిడ్ సైకిలు చూసుకోండి. నెలలో తగ్గలేదో, ఈ ఏడు మామిడిపండు ముట్టుకోవద్దు!"

పానకాలుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. చిన్నరసాలు లేని ఎండాకాలం ఎందుకు, ఒట్టి ఉక్కపోత!

ఇంటికి రాగానే నాంచారమ్మ అటకెక్కి పంచదార డబ్బా దించి నేలమీద పెట్టింది. "షుగరు దించేశానండీ. ఇంక సైకిలు సంగతి చూడండి." చీమలకి పండగయింది.

"హైబ్రిడ్ అంటే నాకు తెలుసులే అన్నయ్యా" అన్నాడు అంకమ్మరావు. "హైబ్రిడ్ టమాటా, హైబ్రిడ్ వంగ, హైబ్రిడ్ సైకిలు. పద." అంతే, ఇద్దరూ విత్తనాల కొట్టుకి పోయి ఒక పాకెట్టు సైకిలు విత్తనాలు ఇమ్మన్నారు. "ఎన్నాళ్ళకి కాపుకొస్తుంది? నెలలోపు కాయాలి. మా అన్నయ్యకి తొందర" అన్నాడు అంకమ్మరావు. కొట్టాయన వాళ్ళని ఎగాదిగా చూసి, ఎదురుగా ఉన్న సైకిలు షాపు చూపించాడు.

షాపు మస్తానుకి ఓపిక ఎక్కువ. పాపం, ఆ రోజుతో అది కాస్తా ఖర్చయిపోయింది.

"చూడండి, సన్నచక్రాల సైకిలు రోడ్డుకి బాగుంటుంది. లావు టైర్లది మట్టిబాటకి బాగుంటుంది. ఈ రెండూ కలిపిందే హైబ్రిడ్. సగం రోడ్డు, సగం మట్టి. నిటారుగా కూచోవచ్చు, నడుం నొప్పి రాదు. ముందు స్ప్రింగులున్నది వద్దు, ఊరికే బరువు. గేర్లు ఏడుంటే చాలు. మీకు అందుబాటులో ఉన్న ధర చూసుకోండి."

ఇంకేముంది, పానకాలు చెయ్యి పైకి చాపాడు. ఖరీదైన సైకిళ్ళు పైన కొక్కేలకి వేలాడుతున్నాయి. వాటి ధర చీటీలు అందలేదు. మునివేళ్ళ మీద లేచాడు, అందలేదు. కింద నిలబెట్టిన నీలం సైకిలు చీటీ మాత్రం చక్కగా చేతికందింది.

"నాకు పైవి కూడా అందుతున్నాయి అన్నయ్యా!" అన్నాడు పొడుగాటి అంకమ్మరావు.

"తొక్కేది నేనురా. నాకు అందాలి."

"కాళ్ళు నేలకి ఆనుతున్నాయా చూసుకోండి" అన్నాడు మస్తాను.

పానకాలు సైకిలు పక్కన నిలబడి కిందికి చూసుకున్నాడు. "ఆనుతున్నాయి. మా ఇంట్లో కూడా ఆనుతాయి. నా కాళ్ళకేం ఢోకా లేదు."

విచిత్రం ఏమిటంటే, షాపులో అతనికి సరిపోయే సైకిలు అదొక్కటే. అదే కొన్నారు. వెళ్ళేముందు మస్తాను ఇంకో మాటన్నాడు. "వారానికోసారి గాలి కొట్టండి." అనకుండా ఉండాల్సింది.

మర్నాడు నాంచారమ్మ చీపురు తిరగేసి సైకిలు చుట్టూ గాలిని కొట్టడం మొదలెట్టింది. ఆ గాలిలో అంకమ్మరావు కూడా ఉన్నాడు. "వదినా, నేను గాలి కాదు!" అని మొత్తుకున్నాడు. "మధ్యలో నిన్నెవరు నిలబడమన్నారయ్యా?" అంటూ ఆవిడ ఇంకో నాలుగు కొట్టింది.

తర్వాత పానకాలు సైకిలుని వాకిట్లో పడుకోబెట్టి, పంచె ఎగ్గట్టి తొక్కడం మొదలెట్టాడు. చక్రం మీద కుడికాలు, సీటు మీద ఎడమకాలు, బురద తొక్కినట్టు తొక్కాడు. బెల్లు మీద అడుగు పడ్డప్పుడల్లా ట్రింగుమంది. డాక్టరమ్మ సరదాగా తొక్కమంది కాబట్టి ఆయన ఆగకుండా నవ్వాలి. నవ్వురాకపోతే నవ్వించడానికి అంకమ్మరావు చక్కిలిగింతలు పెట్టాలి. అరగంట అయ్యేసరికి ఇద్దరూ చెమటతో తడిసి ముద్దయ్యారు. పది రోజులు అంతే, పొద్దున్నే అంత సరదా.

పదకొండో రోజు అటుగా వెళ్తున్న మస్తాను అది చూసి గుండె బాదుకున్నాడు. "ఎక్కి తొక్కాలయ్యా!"

"ఎక్కే తొక్కుతున్నాగా, దిగలేదే!"

మస్తాను వంకరపోయిన చువ్వలు సరిచేసి, సైకిలు నిలబెట్టి, పానకాలుని సీటు మీద కూచోబెట్టి, రోడ్డు చూపించి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

సైకిలు సగం రోడ్డు, సగం మట్టి కదా! పానకాలు ముందు చక్రం తారురోడ్డు మీదా, వెనక చక్రం మట్టిలోనూ పెట్టాడు. సైకిలు రోడ్డుకి అడ్డంగా నిలబడింది. నాలుగుసార్లు తొక్కేసరికి వెనక చక్రం కూడా రోడ్డెక్కేసింది. "అమ్మో, రెండూ రోడ్డెక్కాయిరా!" అంటూ దిగి, వెనక్కి ఈడ్చి, మట్టిలో పెట్టి మళ్ళీ ఎక్కాడు. ఎక్కడం, ఈడ్చడం, ఎక్కడం, ఈడ్చడం. బస్సు ఆగిపోయింది. బస్సు వెనక గేదెలు ఆగిపోయాయి.

"అడ్డు లేవయ్యా!" అని డ్రైవరు అరిచాడు.

"కాసేపాగండి. మా అన్నయ్య ఇంకా హైబ్రిడ్‌లోకి రాలేదు" అన్నాడు అంకమ్మరావు.

అలా మిగిలిన ఇరవై రోజులూ గడిచాయి. నిజం చెప్పాలంటే నాకు పానకాలు మీద జాలేసింది. మామిడిపండు కోసం అంత చెమటోడ్చినవాణ్ణి నేను చూళ్ళేదు.

నెల తిరిగాక డాక్టరమ్మ రక్తపరీక్ష చీటీ చూసి కళ్ళజోడు సర్దుకుంది. "భలే తగ్గిందే! ఏం చేశారు?"

"మీరు చెప్పిందే చేశామండీ" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"సంతోషం. రోజుకొక్క చిన్నరసం తినండి. ఒక్కటే సుమా! సైకిలు మాత్రం వదలొద్దు."

పానకాలు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. సైకిలు వాకిట్లో వదిలేసి వచ్చాడు! పరుగున బస్సెక్కి, పరుగున ఇల్లు చేరి, హ్యాండిలుని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

నాంచారమ్మ ఘుమఘుమలాడే పండు తెచ్చి ముందు పెట్టింది. పానకాలు పండుకేసి చూశాడు, చేతులకేసి చూశాడు. నలపాలంటే రెండు చేతులూ కావాలి. చేతులు తీస్తే సైకిలు వదిలినట్టే. ఆయన మొహం చిన్నబోయింది.

"దిగులు పడకన్నయ్యా" అన్నాడు అంకమ్మరావు. "మనిద్దరిదీ ఒకటే రక్తమని నువ్వే అంటావుగా. షుగరు చూసేది రక్తంలోనేగా. నేను తింటే నువ్వు తిన్నట్టే."

పానకాలు మొహం వెలిగింది. "అందుకేరా మనది బుర్రావారి ఇల్లు!"

అంకమ్మరావు పండు నలిపి, ముచ్చిక తీసి, చప్పరిస్తూ టెంక దాకా జుర్రాడు. పానకాలు కళ్ళార్పకుండా చూశాడు. నోరూరి, గడ్డం మీదుగా చొక్కా దాకా కారింది.

"తియ్యగా ఉందట్రా?"

"తేనేననుకో. ఇవాళ్టికి నీ పండు అయిపోయింది. ఇంక అడక్కూడదు."

"అడగన్రా. డాక్టరమ్మ మాటంటే మాటే" అన్నాడు పానకాలు. తర్వాత భార్య వైపు తిరిగి తృప్తిగా అన్నాడు. "పండు భలే ఉందే. నా చేతులు ఖాళీ లేవు, కాస్త మూతి తుడిచిపెట్టు."