మొండిఘటాలమ్మ పక్కకు ఒరిగిన కథ

కుంపటివలస కొండ దిగువన, ఊట పక్కనున్న మొండిఘటాలమ్మ గుడిలో విగ్రహం లేదు. ఎడమకు ఒరిగిన మట్టి ఘటమే అమ్మవారు. భక్తులు దయచేసి దాన్ని సరిచేయబోవద్దు. అలా పూనుకున్నవారికి భుజాల నొప్పులే మిగిలాయి. ఎంత దిద్దినా దారికి రాని మనిషిని మొండిఘటం అనడం ఈ అమ్మతోనే మొదలైందని ఇక్కడివారి నమ్మకం.

పూర్వం ఇక్కడ ఎర్రయ్య అనే కుమ్మరి ఉండేవాడు. తల్లి లేని కూతురు నూకాలే అతనికి లోకం. ఒక ఏడు ఎండలు ముదిరి ఊట సన్నగిల్లింది. తన చెరకుతోటకు తప్ప ఆ నీళ్లు ఎవరూ ముట్టరాదని ఊరిపెద్ద కట్టడి చేశాడు. నూకాలు వింటేనా! తండ్రి చేసిన కుండలతోనే మోసుకెళ్లి దిగువపేట జనానికి పోసింది. ఊరిపెద్ద, ఎర్రయ్యను పిలిపించి, "జాతరలోగా నీ కూతుర్ని దిద్దుకో. లేదా పొలిమేర దాటించు" అన్నాడు.

ఎర్రయ్య కూతుర్ని బతిమాలాడు, తిట్టాడు. "దాహమన్నవాళ్లకు నీళ్లివ్వడం తప్పయితే, ఆ తప్పు రేపూ చేస్తాను నాన్నా" అంది పిల్ల.

ఆ కోపంతోనే, జాతరలో అమ్మవారిగా నిలిపే ఘటం చేయడానికి కుమ్మరిసారె ముందు కూర్చున్నాడు. ఘటం ఒరిగింది. చెక్కతో తట్టి నిలబెడితే మళ్లీ ఒరిగింది. ఆరిన మట్టిని కొట్టరాదన్నది కుమ్మరి నేర్చే మొదటి పాఠం. అదీ మరిచి, ఎండిన ఘటాన్ని బలంకొద్దీ బాదాడు. చెక్క విరిగింది గాని ఘటం బీటైనా వారలేదు. అలసి అక్కడే కునుకు తీస్తే అమ్మవారు కలలోకి వచ్చింది.

"ఓరి పిచ్చివాడా! నీ చేత్తో చేసుకున్నదాన్ని నువ్వే చావగొడతావా? నన్నిలాగే కాల్చి ఊట దగ్గర నిలబెట్టు" అంది.

జాతరనాడు ఆ ఘటంలో నీరు నింపితే, ఒరిగిన మూతి మీదుగా ధార దిగువపేట వైపే పారింది. ఊరిపెద్ద మనుషులను పెట్టి తన తోటవైపు తిప్పించబోయినా ఘటం కదలలేదు. "ఇదేం మొండిఘటం!" అని పెద్ద మండిపడ్డాడు.

అంతవరకు ఎవరికీ ఎదురాడని ఎర్రయ్య కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. "రెండూ నా చేతిలో పెరిగినవే బాబూ. దాన్ని దిద్దలేను, దీన్ని దిద్దను. పంపితే ఇద్దర్నీ పంపండి" అన్నాడు. దిగువపేట జనమంతా వచ్చి అతని వెనక నిలబడ్డారు. పెద్ద ఊట మీద కట్టడి ఎత్తేసి ఇంటిదారి పట్టాడు.

నేటికీ చెప్పిన మాట వినని పిల్లలను తల్లిదండ్రులు ఇక్కడికి తెస్తారు. అర్చకుడు పిల్లలను ఏమీ అనడు. పెద్దవాళ్ల చేతే "ఇది నా బిడ్డే" అని ముమ్మారు అనిపించి, తీర్థం ఇస్తాడు. పిల్లలు మారిన దాఖలాలు దేవస్థానం దగ్గర లేవు. కొట్టడానికి ఎత్తిన చెయ్యి దిగుతుంది; ఈ అమ్మ ఇచ్చే వరం అదే.