పేరు చెప్పలేదు

ఉదయం ఐదు గంటల ఇరవై నిమిషాలకు జీవరత్నం అయ్యగారు చర్చి వరండా ఊడుస్తున్నారు. డెబ్బై ఒక్క ఏళ్ల పాస్టరు. ఊడవడానికి మనుషులున్నా చీపురు ఎవరికీ ఇవ్వరు. ఎవరు ఏది అడిగినా ఊడవడం ఆపరు కూడా. ఆరేళ్లుగా ఆయన దగ్గర సేవ నేర్చుకుంటున్న తీతు మెట్ల కింద చెప్పులు విడిచి, వందనాలు చెప్పి, పైకి రాకుండా అక్కడే నిలబడ్డాడు. వచ్చే నెల పదిహేనున అతనికి పాస్టరుగా అభిషేకం.

"అయ్యగారూ, పిల్లల్లో భక్తి నిలవాలంటే ఇంట్లో ఇంకా ఏం చెయ్యాలి?"

చెయ్యవలసినవన్నీ చేస్తున్నానని చెప్పుకొచ్చాడు. కూతురు కెజీయాకు తొమ్మిదేళ్లు. రోజుకొక వాక్యం కంఠస్థం చేయిస్తాడు. అప్పజెప్పిన ప్రతిసారీ గోడమీది అట్టకు ఒక నక్షత్రం అంటిస్తాడు. పొద్దున పొయ్యి వెలిగించకముందే పిల్ల తన చేత్తో పిడికెడు బియ్యం తీసి సంఘం డబ్బాలో వేస్తుంది. సాయంత్రం ఏడింటికి కుటుంబ ప్రార్థన: ఒక పాట, ఒక అధ్యాయం, తర్వాత ముగ్గురూ వరసగా పైకి ప్రార్థన చెయ్యాలి. మూడు వారాలుగా తన వంతు వచ్చినప్పుడు కెజీయా కళ్లు మూసుకుంటుంది, పెదవులు కదిలిస్తుంది, ఆమేన్ అంటుంది. మధ్యలో మాట లేదు. అతను బుజ్జగించాడు. రెండు నక్షత్రాలు పీకేశాడు. ఒకరోజు నోరు తెరిచేదాకా మోకాళ్లమీదే ఉండమన్నాడు. నలభై నిమిషాల తర్వాత వాళ్లమ్మ సలోమి వచ్చి, పిల్లను లేపి అన్నానికి తీసుకుపోయింది.

ఇప్పుడు ఇంట్లో అతనికి ప్రతిదీ చిరాకుగానే ఉంది. నిన్న పొద్దున గడ్డం గీసుకుంటూ, వంటింట్లో కుళాయి ఊరికే పారుతోందని పెరట్లోంచే కేకలేశాడు. సొంత ఇంటిని చక్కబెట్టుకోలేనివాడికి సంఘాన్ని ఎలా అప్పగిస్తారని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? అది ఒక భయం. పిల్ల నిజంగానే దేవుణ్ణి విడిచిపెట్టేస్తోందేమోనన్నది దానికంటే పెద్దది. ఆ మాట చెప్పేటప్పుడు అతను అయ్యగారి వైపు చూడలేదు.

ఎప్పటినుంచి అని అయ్యగారు అడిగారు. పోయిన నెల మూడో ఆదివారం సాయంత్రం నుంచి. ఆ ఉదయం ప్రసంగం ఎవరు చేశారు? తీతే చేశాడు. ప్రార్థన గురించి. అయ్యగారు ఆ వారం పొరుగూరి సంఘంలో ఉన్నారు. చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారని తీతు చెప్పాడు. జనం చెప్పగా నేనూ విన్నానంటూ అయ్యగారు చెత్త ఒక మూలకు చేర్చారు. బుధవారం గృహకూటానికి సలోమిని కూడా తీసుకురమ్మన్నారు.

బుధవారం సాయంత్రం ఆరింటికి, కూటం జరిగే దీనమ్మ గారి వసారాలో ఇరవై ఆరుగురు కూర్చున్నారు, మగవాళ్లు ఒకవైపు చాపలమీద, ఆడవాళ్లు ఒకవైపు. అయ్యగారు ప్రార్థన గురించే మొదలుపెట్టారు. నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఒక యువకుడు తన గదికి వచ్చి, తన పక్కన మోకరించి, ఏడుస్తూ ప్రార్థన చేశాడని చెప్పారు. అంత నిజమైన ప్రార్థన తన సేవలో అరుదుగా విన్నారట. ఇప్పుడు అతను సేవలోనే ఉన్నాడట. పేరు మాత్రం చెప్పనన్నారు.

తీతు ఒడిలోని బైబిల్‌ను గట్టిగా పట్టుకున్నాడు.

"మన సంఘం తమ్ముడేనా అయ్యగారూ? మేమూ కాస్త జాగ్రత్తగా ఉంటాం," అని వెనకనుంచి గేదెల వ్యాపారి ఏలీయా అన్నాడు. అందరూ నవ్వారు. అయ్యగారూ నవ్వారు. ఆ యువకుడి మొదటి మాట తనకింకా గుర్తుందన్నారు. 'ప్రభువా, నా భార్యకు చెప్పనిది ఒకటుంది' అన్నాడట.

ఆడవాళ్ల చాపమీద కెజీయా పక్కన కూర్చున్న సలోమి తల ఎత్తింది. దీనమ్మ గారు పక్కనున్న ఆవిడను మోచేత్తో పొడిచారు. ఆ వసారాలో సేవలో ఉన్న యువకులు ఇద్దరే. వాళ్లలో పెళ్లయినవాడు ఒక్కడు. అయ్యగారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో ఒక అద్దం తుడిచారు, తర్వాత రెండోది. ఈ సాక్ష్యం వింటే చాలామందికి మేలు కలుగుతుందని, పిల్లలకు కూడా ఉపయోగపడుతుందని నింపాదిగా అన్నారు. తీతు చొక్కా వీపుకు అంటుకుపోయింది. లేచి వెళ్లిపోతే అది తనేనని తేలిపోతుంది. కూర్చుంటే తర్వాతి మాట వినాలి.

"కాని ఆ ప్రార్థన నాతో చేసింది కాదు," అన్నారు అయ్యగారు. కళ్లజోడు పెట్టుకుని, పాట ఎత్తుకోమన్నారు.

ఇంటికి పోయేటప్పుడు కెజీయా ముందు నడిచింది. చెరుకు బండిని దాటిపోనిచ్చి సలోమి భర్త పక్కకు వచ్చింది. తర్వాత, ఆ తమ్ముడెవరో తను అడగనంది.

"పేరు చెప్పలేదుగా అయ్యగారు. మీరూ కెజీయా పేరు చెప్పలేదు."

తన ప్రసంగం గుర్తొచ్చి తీతు నిలబడిపోయాడు. నాయనమ్మ చనిపోయిన తర్వాత పిల్ల రాత్రిళ్లు పక్క తడుపుతోంది. ఆ సంగతి అమ్మతోనూ చెప్పుకోలేక, ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థనలో దేవునితో చెప్పుకుంది. ఆ ఆదివారం తీతు ప్రసంగ వేదికమీద నుంచి, మా ఇంట్లో ఒక చిన్నబిడ్డ దేవుని దగ్గర ఏదీ దాచదు అంటూ ఆ మాటలన్నీ చెప్పాడు. జనం ముసిముసిగా నవ్వారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. అతని ఇంట్లో ఉన్న బిడ్డ ఒక్కతే. ఆనాటినుంచి సండే స్కూల్లో పిల్లలు, "రాత్రి వాన పడిందా కెజీయా?" అని అడుగుతున్నారని సలోమి చెప్పింది.

ఆ రాత్రి అతను గోడమీది అట్ట తీసేశాడు. కూతురి ముందు కూర్చుని తప్పు తనదని చెప్పాడు. ఈ గదిలో ప్రార్థనలో అన్నది ఈ గది దాటదని మాటిచ్చాడు. కెజీయా విన్నది. తన వంతు వచ్చినప్పుడు పెదవులు కదిలించి, ఆమేన్ అని, పడుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

శనివారం పొద్దున ఐదున్నరకు తీతు మళ్లీ మెట్ల దగ్గరకు వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. క్షమాపణ అడిగినా పిల్ల ప్రార్థన చెయ్యడం లేదని, తను శాశ్వతంగా పాడుచేశానేమోనని అన్నాడు. ఆ ఒక్కసారి అయ్యగారు చీపురు ఆపారు.

"పిల్ల ప్రార్థన చెయ్యడం లేదా, నీకు వినపడడం లేదా?"

అయ్యగారు మళ్లీ ఊడవడం మొదలుపెట్టారు.

మరో ఆరు రోజులకు, సంఘానికి పంపడానికి డబ్బాలోని బియ్యం సంచిలో పోస్తూ సలోమి భర్తకు ఒక సంగతి చెప్పింది. అతను ప్రసంగం చేసిన ఆదివారం తర్వాతి రోజు నుంచి కెజీయా పిడికిట్లో బియ్యం పట్టుకుని, పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని, చాలాసేపు ఏదో చెప్పి, అప్పుడు డబ్బాలో వేస్తోంది. ఒక్క పూటా తప్పలేదు. ఏం చెబుతుందో సలోమికి తెలియదు. ఆ కాసేపూ సలోమే వంటింట్లో కుళాయి తిప్పి ఉంచుతుందట.