ముళ్లకంపకు ఇవతల

ఎవరైనా ప్రశ్న అడిగితే యోగమాంబగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు ఏదో ఒక పని చెప్పేవారు. చింతపండులో గింజలు తీయమనో, పాక మీద జారిన తాటాకు సర్దమనో. పని పూర్తయ్యేలోగా సగం మంది తామేం అడిగారో మరిచిపోయేవారు. మరిచిపోనివాళ్లకు ఆమె దగ్గర జవాబు దొరికేదో లేదో ఆశ్రమంలో ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఎనభై దాటిన మనిషి. సముద్రానికి దగ్గర్లో, సరుగుడు తోటల మధ్య ఉన్న ఆ పెంకుటింట్లో ఏళ్ల తరబడి ఉపనిషత్తులు చెప్పి చెప్పి అలిసిపోయి, ఈమధ్య చెప్పడమే తగ్గించారు.

శ్రీకంఠం మరిచిపోయే రకం కాదు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాడు. ఆ వేసవిలో ఆశ్రమానికి వచ్చేసరికి కంటికి కునుకు లేని మొహంతో ఉన్నాడు. అతని కూతురు సుధీర పిల్లలు వద్దనుకుంది. "ఏం చూసుకుని కనమంటావు నాన్నా? ఈ ఎండలు చూడు, నీళ్లు చూడు. నా బిడ్డకి నా వయసు వచ్చేసరికి ఏం మిగులుతుందో నువ్వే చెప్పు" అని అడిగింది. చదువుకున్నవాడు గనక అతనికి అబద్ధం చెప్పడం చేతకాలేదు. నిజం చెప్పడానికి నోరు పెగల్లేదు. ఆ మాటే పట్టుకుని ఇక్కడికి వచ్చాడు.

"అమ్మా, మనుషులకి ముందు ముందు ఏం కాబోతోంది? అంతా నాశనమే అంటారు కొందరు. యంత్రాలొచ్చి అన్నీ చక్కబెడతాయంటారు ఇంకొందరు. నాకు రెండూ నమ్మబుద్ధి కావడం లేదు."

"రేపు పొద్దున దేశమ్మ వాళ్లు ఊరు మారుతున్నారు. సామాను ఎక్కించడానికి మనుషులు చాలరు. నువ్వు వెళ్లు. నేనూ వస్తాను" అన్నారామె.

గరికిన దేశమ్మది ఒడ్డునున్న నడిమిపాలెం. చేపలమ్ముకుని తిరిగి వెళ్తూ ఆశ్రమం అరుగు మీద కాసేపు కూర్చుని, మజ్జిగ తాగి పోవడం ఆమెకు అలవాటు. అత్త కాలంలో ఒక ఇల్లు సముద్రంలో కలిసింది. తను కాపురానికొచ్చాక కట్టుకున్నది ఇంకొకటి కలిసింది. మొన్నటి తుపానుకి మూడోదాని ముందు గోడ కూలింది. లోపలి వైపున్న పెదతుమ్మల ఊరి చివర స్థలాలిచ్చామని, వెళ్లి ఉండమని అధికారులు చెప్పారు. దేశమ్మతో పాటు మరో రెండు కుటుంబాలు ట్రాక్టర్ల మీద కదిలాయి.

శ్రీకంఠం బిందెలు మోశాడు, వలలు మోశాడు. గోడలోంచి ఊడదీసిన గుమ్మాన్ని దేశమ్మ భర్త దానయ్యతో కలిసి ట్రాక్టరెక్కించాడు. అది దేశమ్మ అత్త చేయించిన గుమ్మమట. కొడుకు సముద్రం మీద వేటకు వెళ్లి ఇంకా రాలేదు. కోడలు చిట్టెమ్మ నిండు కడుపుతో మూటల మధ్య సర్దుకుని కూర్చుంది.

"పురుడెప్పుడు?" అని అడిగాడు శ్రీకంఠం.

"శ్రావణంలో బాబూ" అంది దేశమ్మ.

"ఇలాంటి సమయంలో..." అని ఆగిపోయాడు.

"ఎలాంటి సమయంలో బాబూ?"

ఆమె ఎకసెక్కంగా అనలేదు, నిజంగానే తెలియక అడిగింది. శ్రీకంఠం తల తిప్పుకుని సముద్రం వైపు చూశాడు.

పెదతుమ్మల పొలిమేరకు చేరేసరికి దారికి అడ్డంగా తుమ్మకంప వేసి ఉంది. దాని వెనక ఊరు సగం నిలబడి ఉంది. తాతబ్బాయి అనే ఆయన, ఊళ్లో నలుగురూ మాట వినే మనిషి, ముందుకొచ్చాడు.

"మీ మీద మాకు కోపమేం లేదు. ఊరికి ఉన్నది ఒక్కటే బోరు. అది మాకే చాలట్లేదు. ఇవాళ మూడిళ్లవాళ్లు వస్తే రేపు పాలెం అంతా వస్తుంది. అప్పుడు మేమెక్కడికి పోవాలి?"

"ఆఫీసరుగారు ఇచ్చారండి స్థలం" అన్నాడు దానయ్య.

"ఆయన్నే నీళ్లు కూడా ఇమ్మను."

అందరికంటే పెద్ద గొంతు మాణిక్యానిది. బోరు పక్కనే ఇల్లు, ఒంటి మనిషి. "మా దూడలకే నీళ్లు లేక నోళ్లు తెరుస్తుంటే వీళ్లొకళ్లు తగలడ్డారు. ఆ సముద్రానికి వీళ్లని తోలడానికి మా ఊరే దొరికిందా?" అంటూ చేతులు తిప్పింది.

శ్రీకంఠం కిందికి దిగి మాట్లాడాడు. సముద్రం ఎందుకు పెరుగుతోందో చెప్పాడు. ఇది ఏ ఒక్క ఊరి కష్టమో కాదని, ఒకరినొకరు తోసేసుకుంటే ఎవరూ మిగలరని చెప్పాడు. బాగానే చెప్పాడు. అంతా విన్నాక వెనకనుంచి ఎవరో, "మాస్టారూ, తమరింట్లో ఎన్ని గదులండీ?" అన్నారు. పట్నంలోని తన ఫ్లాటులో తాళం వేసి ఉన్న గదులు గుర్తొచ్చాయి శ్రీకంఠానికి. వెనక్కి తిరిగి నడిచాడు.

వెనక ఆగిన ఆటోలో యోగమాంబగారు కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నారు. చుట్టుపక్కల ఊళ్లలో ఆమెను చూసి చెయ్యెత్తి దండం పెట్టనివాళ్లు లేరు. అలాంటి మనిషి నోరు విప్పకపోవడం చూసి శ్రీకంఠానికి కోపం వచ్చింది.

"మీరొక్క మాట చెప్పండమ్మా. వింటారు."

"నా మాటకి నీళ్లు ఊరవు నాయనా" అన్నారామె, కళ్లు తెరవకుండానే.

ఎండ నడినెత్తికొచ్చింది. ఇటువాళ్లు వెనక్కి పోలేదు, అటువాళ్లు కంప తీయలేదు. తెచ్చుకున్న నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. చిట్టెమ్మ మెల్లిగా కిందికి దిగి, ట్రాక్టరు చక్రాన్ని పట్టుకుని వాంతి చేసుకుని, దుమ్ములోనే కూలబడింది. దేశమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. తన పైట చెరగు కోడలి తల మీద నీడగా పట్టుకుని నిలబడింది.

"కడుపుతో ఉన్నదాన్ని ఎండలో కూర్చోబెట్టారు, బుద్ధుందా మీకు?" అని అవతలి నుంచి మాణిక్యం తిట్లు లంకించుకుంది. తిట్టుకుంటూనే ఇంట్లోకి పోయింది. తిట్టుకుంటూనే బిందెతో బయటికొచ్చింది. కంప పక్కనుంచి దూరి వస్తుంటే చీర ముళ్లకు పట్టుకుని చిరిగింది. దానికీ ఒక తిట్టు తిట్టింది. "ఇవాళ్టికే. రేపు నాకు మొహం చూపించారంటే ఊరుకోను" అని చిట్టెమ్మ దోసిట్లో నీళ్లు పోసింది.

కోడలు తాగాక దేశమ్మ తాగింది. ఒక గుక్క నోట్లోనే ఉంచుకుని మాణిక్యం మొహంలోకి చూసి, మెల్లిగా మింగింది.

"ఉప్పదనం తగులుతుంది కదమ్మా. ఎప్పట్నించి?"

మాణిక్యం తిట్లు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి ఊరివాళ్లను ఒకసారి చూసి, వాళ్లకు వినపడకుండా, "కార్తీకం నుంచి" అంది.

"మాకూ ఇలాగే మొదలైంది."

"ఏం చేశారు?"

"మొదట్లో ఎవరికీ చెప్పుకోలేదు" అంది దేశమ్మ.

సముద్రం భూమి కిందనుంచి ఈ ఊరి దాకా వచ్చేసిందని పక్కనే నిలబడ్డ శ్రీకంఠానికి అర్థమైంది. మాణిక్యం బిందె కింద పెట్టి, ఒక కర్ర వెతుక్కొచ్చి, కంపను ఒక పక్కనుంచి లాగడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావు అత్తా?" అన్నాడు తాతబ్బాయి.

"చేతనైతే ఓ చెయ్యెయ్యి. లేకపోతే తప్పుకో."

అతను చెయ్యి వేయలేదు. తప్పుకున్నాడు. కొందరు గొణుక్కుంటూ ఇళ్లకు పోయారు. రేపు ఆఫీసుకెళ్లి తేల్చుకుంటామని ఒకరు కేకేశారు. శ్రీకంఠం కంప రెండో కొస పట్టుకుని లాగాడు, అరచేతిలో ముళ్లు దిగాయి. ట్రాక్టర్లు లోపలికి కదిలాయి. "ఆ చివరకి పోయి దిగండి. మా కళ్లం తొక్కారో, మర్యాద దక్కదు" అని మాణిక్యం వాటి వెంట అరుస్తూనే నడిచింది. సాయంత్రానికి నాలుగు వాసాలు పాతి, పైన పరదాపట్టా కట్టారు. అది కట్టడం పూర్తి కాకముందే బోరు దగ్గర వంతుల గురించి దేశమ్మకూ మాణిక్యానికీ పెద్ద గొడవ జరిగింది.

తిరిగి వస్తూ ఆటోలో శ్రీకంఠం చాలాసేపు అరచేతిలో ముళ్లు తీసుకుంటూ కూర్చున్నాడు.

"అమ్మా, ఆ బోరు ఎన్నాళ్లో ఉండదు" అన్నాడు.

"ఉండదు."

"అప్పుడు?"

"అందరూ కలిసి ఇంకో ఊరికి పోతారు. ఆ ఊరివాళ్లూ కంప అడ్డం వేస్తారు."

"ఆ తర్వాత?"

యోగమాంబగారు ఆటో కమ్మీకి తల ఆనించుకున్నారు.

"ఆ ఊళ్లోనూ ఒకావిడ తిట్టుకుంటూ బయటికి రావాలి నాయనా" అన్నారు. "వస్తుందో రాదో నాకు తెలీదు."